బ్యాటరీ పార్కు పడవ, జెర్సీ పడవ: లిబర్టీ విగ్రహానికి రెండు దారులు

ఆర్నెల్ల వీసా మీద అమ్మాయి దగ్గరికి వెళ్లిన మేము లిబర్టీ విగ్రహాన్ని రెండుసార్లు చూసి వచ్చాం. ఏప్రిల్లో న్యూయార్క్ వైపు నుంచి, సెప్టెంబరు మొదట్లో న్యూజెర్సీ వైపు నుంచి. "ఒకసారి చూశాం కదమ్మా, మళ్లీ ఎందుకు?" అని అమ్మాయి అడిగింది. మొదటిసారి అసలు చూడాల్సిన చోట పావుగంట తిరిగి, ఆఖరి పడవ తప్పిపోతుందని పరుగెత్తుకొచ్చాం. అందుకే మళ్లీ వెళ్లాలనిపించింది. ఆ చోటు ఎల్లిస్ దీవి, ఒకప్పుడు ఓడల్లో అమెరికాకి వలసవచ్చినవాళ్లని దింపి తనిఖీ చేసిన చోటు. పిల్లల్ని చూడ్డానికి వెళ్లే మన అమ్మానాన్నలు చాలామంది విగ్రహం దగ్గర ఫొటోలు దిగి, అదే టికెట్టులో ఉన్న ఎల్లిస్‌ని వదిలేసి వస్తున్నారని అక్కడి పార్కులో పరిచయమైన మనవాళ్ల మాటల్లో తెలిసింది. వాళ్లకోసం ఇది రాస్తున్నాను.

నేను భీమవరం దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో 31 ఏళ్లు సోషల్ చెప్పి రిటైరయ్యాను. ఈ విగ్రహం బొమ్మను నల్లబల్ల మీద ఎన్నిసార్లు వేశానో లెక్కలేదు. చేతిలో కాగడా, తలమీద కిరీటం, ఫ్రాన్సు అమెరికాకి ఇచ్చిన కానుక, 1886. మార్కులకి అంతవరకు చాలు కాబట్టి అక్కడితో ఆపేసేదాన్ని.

ఏప్రిల్ ప్రయాణానికి అల్లుడు మన్‌హాటన్ దక్షిణపు కొసన ఒక హోటల్లో రెండు రాత్రులకు గది తీసుకున్నాడు. న్యూజెర్సీలో అమ్మాయి వాళ్లుండే ఎడిసన్ నుంచి తెల్లవారకముందే బయల్దేరితే మేము అలసిపోతామని అతని ఆలోచన. ఆలోచన మంచిదే, గదే బాగాలేదు. రెండు మంచాలు వేస్తే పెట్టె తెరవడానికి చోటు లేదు, వేడినీళ్ల కెటిల్ లేదు. ఖాళీ చేసేటప్పుడు బిల్లులో సౌకర్యాల రుసుము అని రోజుకింత అదనంగా వేశారు. ముందు చెప్పలేదేమని అడిగితే వెబ్‌సైటులో కింద ఉంటుందన్నారు. గది తీసుకునేటప్పుడు పన్నులు, రుసుములు అన్నీ కలిపి మొత్తం ఎంతో రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి. ఆ హోటల్ వల్ల కలిసొచ్చింది ఒక్కటే, పడవలు బయల్దేరే బ్యాటరీ పార్కు రేవుకి పది నిమిషాల నడక. కిరీటం ఎక్కడానికి పొద్దుటి మొదటి పడవ టికెట్టు ఉన్నవాళ్లు తప్ప మిగతావాళ్లు అంత డబ్బు పోసి అక్కడ దిగక్కర్లేదని నా అభిప్రాయం. ఎడిసన్ నుంచి ఎన్‌జే ట్రాన్సిట్ రైల్లో న్యూయార్క్ పెన్ స్టేషన్‌కి, అక్కణ్ణుంచి 1 నంబరు సబ్‌వేలో ఆ పార్కు పక్కనున్న సౌత్ ఫెర్రీకి హాయిగా రావచ్చు. 62 దాటినవాళ్లకి ఆ రైల్లో టికెట్టు తగ్గుతుంది, పడవ టికెట్టు కూడా కొంత తగ్గుతుంది.

పడవ గురించి ముఖ్యమైన మాట. విగ్రహం ఉన్న దీవిలో దింపే అధికారం ఒక్క స్టాచ్యూ సిటీ క్రూజెస్ పడవలకే ఉంది. పెద్దవాళ్లకి పాతిక డాలర్ల ప్రాంతంలో ఉంటుంది, రెండు దీవులూ అందులోనే. బ్యాటరీ పార్కు చుట్టూ కోట్లు తొడుక్కుని, మెడలో కార్డులు వేసుకుని, "టికెట్లు ఇక్కడే, లైను లేదు" అని వెంటపడేవాళ్లు ఉంటారు. మా ముందు నడుస్తున్న ఒక పెద్ద జంట వాళ్లని నమ్మి రెట్టింపు డబ్బు ఇచ్చారు. తీరా చూస్తే అది దీవిలో ఆగని పడవ, దూరం నుంచి చుట్టూ తిప్పి తెచ్చేది. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకు వాళ్ల భాష తెలియదు, చేయి పట్టుకుని కాసేపు కూర్చున్నాను. టికెట్టు ముందే ఆన్‌లైన్లో తీసుకోండి. లేదంటే పార్కులో ఉన్న గుండ్రటి పాత కోట, క్యాజిల్ క్లింటన్ లోపలి కౌంటర్లోనే కొనండి. ఆ కోటలో ఒక్క నిమిషం నిలబడండి కూడా. ఎల్లిస్ దీవిలో తనిఖీ ఇంకా మొదలవనప్పుడు, 1855 నుంచి 1890 దాకా, వలసవచ్చినవాళ్లని దింపి పేర్లు రాసుకున్నది అక్కడే. ఇప్పుడు మనం వరసలో నిలబడే చోటే వాళ్లూ నిలబడ్డారు.

తనిఖీ విమానాశ్రయంలో లాగే ఉంటుంది. బెల్టు తీయాలి, జేబులు ఖాళీ చేయాలి. ఎండాకాలం శనాదివారాల్లో గంట పైనే పడుతుందట, ఏప్రిల్లో మాకు అరగంట పట్టింది. పడవలో పై అంతస్తు కుడివైపు నిలబడితే విగ్రహం బాగా కనిపిస్తుంది, అయితే నీళ్లమీది గాలి ఏప్రిల్లో కూడా చెవులు కోసేస్తుంది. మంకీ క్యాప్ పెట్టుకోమంటే మావారు ఫొటోల్లో బాగోదని మొండికేశారు, రెండు రోజులు జలుబుతో బాధపడ్డారు.

దగ్గరికి వెళ్లేకొద్దీ ఆవిడ ఎంత పెద్దదో మెల్లగా అర్థమవుతుంది. విగ్రహం 151 అడుగులు, నేలమీంచి కాగడా కొస దాకా 305 అడుగులు. అంత మనిషికీ పైన ఉన్న రాగిరేకు మందం రెండున్నర మిల్లీమీటర్లు కూడా లేదు. లోపల బరువు మోసే ఇనుప చట్రం వేసింది ఐఫెల్ టవర్ కట్టిన గుస్తావ్ ఐఫెల్, ఆకారం ఇచ్చిన శిల్పి బార్తోల్డి. 350 ముక్కలుగా విడదీసి, 214 పెట్టెల్లో సర్ది, 1885లో ఓడలో తెచ్చారు. పెట్టెలు వచ్చాయి గానీ నిలబెట్టడానికి పీఠం పూర్తి కాలేదు, డబ్బు చాల్లేదు. అప్పుడు పత్రికాధిపతి జోసెఫ్ పులిట్జర్, తానూ హంగరీ నుంచి వలసవచ్చినవాడే, ఎంత చిన్న చందా అయినా సరే ఇచ్చినవాళ్ల పేరు తన పత్రికలో అచ్చువేస్తానన్నాడు. లక్షా ఇరవై వేలమందికి పైగా ఇచ్చారు, ఎక్కువమందివి డాలరు లోపు. మన ఊళ్లో రామాలయం కడితే అర్ధరూపాయి ఇచ్చిన ముసలమ్మ పేరు కూడా చదివి వినిపిస్తారు చూడండి, ఆ పీఠం అలా లేచింది. ఈ సంగతి తెలిసి ఉంటే నా పిల్లలకి బొమ్మ కంటే ముందు ఇది చెప్పేదాన్ని.

పీఠం దాకా వెళ్లే టికెట్టు మా పెద్దవాళ్లకి సరిపోయింది, లోపల లిఫ్టు ఉంది. కిరీటం టికెట్టు నెలల ముందు తీసుకోవాలి, గుర్తింపు కార్డు చూపించాలి. పీఠం పైనుంచి 162 ఇరుకు మెట్లు, లిఫ్టు లేదు. అమ్మాయి, అల్లుడు, మనవరాలు ఎక్కారు. పాతిక చిన్న కిటికీల్లోంచి రేవు కనిపించిందని, రేకు లోపలివైపు మడతలు చూస్తే చీరకుచ్చిళ్ల లోపల ఉన్నట్టు అనిపించిందని అమ్మాయి చెప్పింది. మోకాళ్లు, ఊపిరి బాగుంటేనే ఎక్కండి. సంచులు లాకర్లో పెట్టాలి, తినేవి లోపలికి రానివ్వరు. కాగడా దాకా ఎవరినీ పంపరు, 1916లో పక్కనే ఆయుధాల గిడ్డంగి పేలినప్పటినుంచి మూసేశారు. పాత కాగడాను మాత్రం 2019లో తెరిచిన మ్యూజియంలో కళ్లెదురుగా చూడవచ్చు. టికెట్టులోనే ఉన్న ఆ మ్యూజియం నాకు పీఠం కంటే నచ్చింది.

కింద నుంచి చూస్తే కనిపించనిది ఒకటుంది. ఆవిడ పాదాల దగ్గర తెగిన సంకెళ్లు ఉన్నాయి. కుడికాలి మడమ పైకి లేచి ఉంది, అడుగు ముందుకు వేస్తోంది. బానిసత్వం రద్దయిన దేశానికి గుర్తుగా మొదలైన ఆలోచన ఇది, వలసలతో దీనికి మొదట్లో పనిలేదు. ఎమా లాజరస్ అనే కవయిత్రి 1883లో పీఠం చందాల కోసమే ఒక చిన్న కవిత రాసింది. అలసినవాళ్లని, పేదల్ని నా దగ్గరికి పంపండి అని ఆ విగ్రహం చేత పలికించింది. ఆవిడ పోయిన పదహారేళ్లకి, 1903లో, దాన్ని కంచుపలక మీద చెక్కి పీఠం లోపల పెట్టారు. అప్పటికి పడవల్లో లక్షలమంది ఈ విగ్రహాన్ని చూస్తూ దిగుతున్నారు. అర్థం ఇచ్చింది వాళ్లే.

అందరికీ కాదు. చైనా కూలీలు రాకూడదని అమెరికా 1882లో చట్టం చేసింది. మూడేళ్లకి అదే పీఠానికి చైనావాళ్లని కూడా చందా అడిగారు. సామ్ సాంగ్ బో అనే ఆయన, మమ్మల్ని రానివ్వని దేశంలో స్వేచ్ఛకి విగ్రహం కడుతూ మా దగ్గర చందా అడగడం అవమానం అని పత్రికకి ఉత్తరం రాశాడు. మన సంగతి కూడా అంతే. 1917 చట్టంలో ఇండియాతో సహా ఆసియాలో చాలా భాగానికి తలుపు మూశారు. 1923లో, అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్‌కి కూడా పౌరసత్వం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది.

దాదాపు అదే రోజుల్లో మా భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు బోస్టన్‌లో దిగారు. చదువు సాగడానికి ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మంచాల దగ్గర మలమూత్రాల పళ్లాలు ఎత్తి శుభ్రం చేశారు. తరవాత ఈ న్యూయార్క్‌కి ఉత్తరాన పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలలో కూర్చుని ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ తేవడానికి, ఫోలిక్ ఆమ్లం తయారీకి, క్యాన్సర్ మందులకి దారి వేశారు. ఇంటి దగ్గర వదిలి వచ్చిన భార్యను మళ్లీ చూడలేదు. 1946లో ఇండియాకి ఏడాదికి వందమంది అని చిన్న కిటికీ తెరిచారు. ఆయన 1948లో అమెరికా పౌరుడు కాకుండానే పోయారు. ఏటా ఆయన జయంతికి బళ్లో ఫొటోకి దండ వేసేవాళ్లం. పౌరసత్వం సంగతి మాత్రం నేనెప్పుడూ చెప్పలేదు.

మనలాంటివాళ్లు వేలకొద్దీ వెళ్లగలిగింది 1965 తరవాతే. ఏ దేశంలో పుట్టావన్న పాత కోటాలు తీసేసిన వలస చట్టం మీద అధ్యక్షుడు లిండన్ జాన్సన్ అక్టోబరు 3న సంతకం పెట్టారు. ఆ సంతకం పెట్టింది వైట్‌హౌస్‌లో కాదు, ఈ దీవిలో, ఈవిడ పాదాల దగ్గర. అమ్మాయి ఫోన్లో చదివి చెబితే నేను నమ్మలేక మళ్లీ చదవమన్నాను. ఎడిసన్‌లో మనవాళ్ల పూజలు, ఓక్ ట్రీ రోడ్డులో చీరల కొట్లు, మా పిల్ల ఉద్యోగం, అన్నిటికీ మొదటి గీత ఇక్కడ పడింది. ఆ రోజు అక్కడ గంటసేపు కూర్చుండిపోయాను. అందుకే ఎల్లిస్‌కి పావుగంటే మిగిలింది.

సెప్టెంబరులో విజయవాడ నుంచి వియ్యంకులు కూడా వచ్చారు, ఏడుగురం అయ్యాం. ఈసారి జెర్సీ సిటీలో జర్నల్ స్క్వేర్ దగ్గర వంటగది ఉన్న అద్దె ఇల్లు ఒక రాత్రికి తీసుకున్నాం. ఏప్రిల్ హోటల్‌కి ఒక రాత్రికి పెట్టినదాంట్లో సగానికే అందరం కాళ్లు చాపుకుని పడుకున్నాం. దగ్గర్లోనే న్యూవార్క్ అవెన్యూలో మన కొట్లు, హోటళ్లు వరసగా ఉంటాయి. పొద్దున్నే ఇడ్లీ, అల్లం పచ్చడి, ఫిల్టర్ కాఫీ దొరికితే ప్రయాణం సగం కుదిరినట్టే. వియ్యపురాలు వదినగారు రాత్రే పులిహోర కలిపి పెట్టారు. దీవుల మీద కాఫీ హోటళ్లు ఉన్నాయి గానీ బర్గర్లు, బంగాళదుంప వేపుళ్లు తప్ప మన పెద్దవాళ్లు తినేవి తక్కువ, ధరలు ఎక్కువ. మన డబ్బా పట్టుకెళ్లి బయట బెంచీల మీద తినవచ్చు, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. నీళ్ల సీసా మాత్రం తప్పక పెట్టుకోండి.

కారున్నవాళ్లకి జెర్సీ దారే మేలు. న్యూజెర్సీ టర్న్‌పైక్ రహదారి మీద 14బి ఎగ్జిట్ దగ్గర దిగితే లిబర్టీ స్టేట్ పార్కు, రేవు పక్కనే డబ్బు కట్టి బండి పెట్టుకోవచ్చు. కారు లేనివాళ్లు లైట్ రైల్లో వస్తే స్టేషన్ నుంచి రేవుకి మైలు దాకా నడవాలి. పెద్దవాళ్లకి అది కష్టం, వాళ్లు బ్యాటరీ వైపే వెళ్లడం మంచిది. జెర్సీ వైపు వరస చాలా చిన్నది, పావుగంటలో పడవెక్కాం. రేవు పక్కనే 1889లో కట్టిన పాత రైల్వే స్టేషన్ ఉంది. ఎల్లిస్ దాటినవాళ్లలో ఎక్కువమంది ఇక్కడికే వచ్చి రైలెక్కి దేశం లోపలికి వెళ్లారు. ఇప్పుడు పట్టాల చోట గడ్డి మొలిచింది, ఊళ్ల పేర్ల పలకలు ఉన్నాయి. వియ్యంకుడు బావగారు రైల్వేలో పనిచేసినవారు, ఆయన్ని అక్కణ్ణుంచి కదిలించడం కష్టమైంది.

అన్నిటికంటే పెద్ద లాభం, జెర్సీ పడవ ముందు ఎల్లిస్‌లో ఆగుతుంది. న్యూయార్క్ పడవ ముందు విగ్రహం దగ్గర ఆగుతుంది కాబట్టి ఎల్లిస్‌కి వచ్చేసరికి ఒంట్లో ఓపిక ఉండదు. ఈసారి తొమ్మిదిన్నరకి దిగి నాలుగు గంటలు ఉన్నాం. మావారికి లోపల వీల్‌చెయిర్ ఉచితంగా ఇచ్చారు. ఉన్నవి కొన్నే, ముందు వచ్చినవాళ్లకే దొరుకుతాయి. వినికిడి గైడు కూడా టికెట్టులోనే. అందులో తెలుగు లేదు, అమ్మాయి వింటూ మాకు చెప్పింది.

1892 జనవరి 1న తెరిచి 1954 నవంబరులో మూసేసేదాకా కోటీ ఇరవై లక్షలమంది ఇక్కడ దిగారు. మొదటి మనిషి యానీ మూర్ అనే ఐర్లండు పిల్ల, తమ్ముళ్లిద్దర్ని వెంటబెట్టుకుని వచ్చింది. 1907 ఏప్రిల్ 17న ఒక్కరోజే 11,747 మంది. మొదటి, రెండో తరగతి టికెట్టు వాళ్లని ఓడలోనే చూసి పంపేసేవారు. ఈ దీవికి తెచ్చేది అడుగు తరగతి వాళ్లనే. కింద సామాన్ల గదిలో వెదురుబుట్టలు, రేకుపెట్టెలు, మూటలు అలాగే పేర్చి ఉంచారు. వదినగారు ఒక దుప్పటి మూట చూసి, "మా నాన్న రంగూన్ నుంచి నడిచొచ్చినప్పుడు ఇట్లాంటిదే తెచ్చుకున్నాడట" అన్నారు.

సామాన్ల గదిలోంచి పైన హాల్లోకి మెట్లెక్కాలి. ఆ మెట్ల దగ్గర డాక్టర్లు నిలబడి, ఎక్కేవాళ్లని కొన్ని క్షణాలు చూసి, అనుమానం వస్తే కోటు మీద సుద్దముక్కతో అక్షరం వేసేవారట. గుండెకి ఒకటి, కంటికి ఒకటి, కుంటితనానికి ఎల్ అనే అక్షరం. ట్రకోమా అనే అంటుకునే కంటిజబ్బు ఉందేమోనని బూట్ల గుండీలు పెట్టే కొక్కెంతో కనురెప్ప తిరగేసేవారు. ఆ సంగతి చెప్పిన ఫొటోల ముందు మావారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. రెండేళ్లుగా ఎడమ మోకాలు వంగదు. "నన్నయితే ఇక్కణ్ణించే పంపేసేవాళ్లన్నమాట" అన్నారు. ఎవరమూ మాట్లాడలేదు. మనవరాలు వెళ్లి ఆయన వేలు పట్టుకుంది.

పైన రిజిస్ట్రీ హాలు. రెండువందల అడుగుల పొడవు, నడినెత్తిన 28 వేలకు పైగా పెంకులతో వంపు తిరిగిన కప్పు, కింద దాదాపు ఖాళీ. వస్తువులు పెట్టకుండా ఖాళీగా వదిలేయడం ఎంత మంచిపనో అక్కడ కూర్చుంటే తెలుస్తుంది. చిన్న మాట కూడా కప్పుకి తగిలి తిరిగొస్తుంది. వేలమంది ఎన్నో భాషల్లో మాట్లాడినప్పుడు ఎలా ఉండేదో! 29 ప్రశ్నలు అడిగేవారు. ఎంత డబ్బుంది, ఎవరి దగ్గరికి వెళ్తున్నావు, టికెట్టు ఎవరు కొన్నారు. మార్చిలో నెవార్క్ విమానాశ్రయంలో అద్దం వెనక అధికారి ఇవే అడిగాడు నన్ను. ఎవరి దగ్గరికి, ఎన్నాళ్లు, ఎందుకు. నూటికి ఇద్దర్ని వెనక్కి పంపారట. తల్లికి అనుమతి వచ్చి బిడ్డకి రాకపోతే ఏంచేసేవారో ఆలోచించలేకపోయాను.

పేర్ల గురించి ఒక మాట. ఇక్కడి గుమాస్తాలు వలసవచ్చినవాళ్ల పేర్లు మార్చేసేవారని అంటుంటారు. అది నిజం కాదు, ఓడ బయల్దేరిన రేవులోనే రాసిన జాబితా చూసి వీళ్లు పిలిచేవారు. పేర్లు తరవాత బతుకులో మారాయి. మా అమ్మాయిని ఆఫీసులో ఇంటిపేరుతో పిలుస్తారు, పాస్‌పోర్టులో చివర అదే ఉంది కాబట్టి. పన్నెండేళ్లుగా అక్కడ ఆమె అసలు పేరు పిలిచేది ఇద్దరో ముగ్గురో.

ఆ పన్నెండేళ్లూ గ్రీన్‌కార్డు వరసలో ఉన్నాం అనొచ్చు. ఏ దేశానికీ ఏడాదిలో ఏడు శాతానికి మించి ఇవ్వకూడదన్న నిబంధన ఉంది. మనదేశం నుంచి వెళ్లినవాళ్లు ఎక్కువ, వరస కదలదు. తొమ్మిదేళ్ల మనవరాలు పుట్టుకతో పౌరురాలు, తల్లి ఇంకా వీసా మీద. హాల్లో బెంచీ మీద కూర్చుని అమ్మాయి, "వీళ్లకి మూడు నాలుగు గంటల్లో తేలిపోయేదమ్మా" అంది. ఆ గొంతులో ఫిర్యాదు లేదు, అలసట ఉంది. ఈ దేశం నా పిల్లకి చాలా ఇచ్చింది, కాదనను. ఆ జవాబు కూడా ఇచ్చేస్తే బాగుండును.

విగ్రహం దగ్గరికి ఆ రోజు గంట కోసమే వెళ్లాం, ఒకసారి చూసినవాళ్లకి అది చాలు. ఒక్కరోజే ఉన్నవాళ్లు పొద్దుటి పడవ పట్టుకుని ఎల్లిస్‌కి మూడు గంటలు తక్కువ కాకుండా పెట్టుకోండి, మధ్యాహ్నం దాటాక ఎక్కితే రెండూ కుదరవు. బొత్తిగా నడవలేనివాళ్లకి స్టాటెన్ ఐలాండ్ ఫెర్రీ ఉంది. బ్యాటరీ పక్కనే వైట్‌హాల్ రేవు నుంచి, నారింజరంగు పెద్ద పడవ, టికెట్టు లేదు, రాత్రీపగలూ నడుస్తుంది, పాతిక నిమిషాలు. విగ్రహం దూరంగానే అయినా పూర్తిగా కనిపిస్తుంది. సాయంత్రం దీపాలు వెలిగేవేళ వెళ్తే ఇంకా మంచిది.

ఎల్లిస్ నుంచి బయల్దేరేముందు భవనం వెనక గోడ దగ్గరికి వెళ్లాం. నీళ్ల ఒడ్డున గుండ్రంగా పెట్టిన స్టీలు పలకల మీద వలసవచ్చిన కుటుంబాల పేర్లు లక్షల్లో ఉన్నాయి. ఈ దీవిలో దిగినవాళ్లవే కానక్కర్లేదు, ఏ దారిన వచ్చినా రుసుము కట్టి రాయించవచ్చు. మనవరాలు అక్షరాలు తడుముకుంటూ పోయి, "అమ్మమ్మా, అమ్మ పేరు రాయిద్దామా?" అంది. "కార్డు రానీ, అప్పుడు రాయిద్దాం" అంది అమ్మాయి. "కార్డుతో పనేమిటే, వచ్చి పన్నెండేళ్లయింది కదా" అన్నాను నేను. అమ్మాయి నావైపు చూసి, పలక కింద అక్షరాలు లేని అంచు మీద వేలితో మా ఇంటిపేరు తెలుగులో రాసింది. ఎండకి స్టీలు వేడెక్కి ఉంది, గుర్తేమీ పడలేదు. అప్పటికే పడవ రేవుకి వచ్చేసింది. అల్లుడు మావారి కుర్చీ తిప్పాడు, నేను పులిహోర డబ్బా సంచిలో సర్దుకుని వాళ్ల వెనకాలే నడిచాను.